యాప్ లోపలే పవర్‌షెల్: ఈ ఎస్‌డీకే పెట్టుకోవచ్చా?

ముందే చెప్పేస్తున్నా. మీ డెస్క్‌టాప్ యాప్‌లో బటన్ నొక్కితే ఓ పవర్‌షెల్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల కమాండ్, స్క్రిప్ట్ భాష) స్క్రిప్ట్ నడిచి, పని అయిందో లేదో తెలిస్తే చాలు అనుకునేవాళ్లకి ఈ ఎస్‌డీకే (మన కోడ్‌లో వాడుకునే లైబ్రరీల కట్ట) అనవసరం. విడిగా ఒక ప్రాసెస్ స్టార్ట్ చేసి స్క్రిప్ట్‌ని దానికి అప్పగించేయండి, హాయిగా ఉంటుంది. అలా కాకుండా స్క్రిప్ట్ తెచ్చిన డేటాతో యాప్‌లో మళ్లీ పని ఉంది, మధ్యలో ఆపే బటన్ కావాలి, ఎక్కడ తేడా కొట్టిందో యూజర్‌కి సరిగ్గా చూపించాలి అంటే మాత్రం మైక్రోసాఫ్ట్.పవర్‌షెల్.ఎస్‌డీకే అనే నగెట్ (డాట్‌నెట్ లైబ్రరీలు దొరికే చోటు) ప్యాకేజీని ఒకసారి చూడాల్సిందే. పవర్‌షెల్ ఇంజిన్ మొత్తాన్ని తెచ్చి మీ సీ షార్ప్ కోడ్‌లో కూర్చోబెడుతుంది. నల్ల విండో తెరుచుకోదు, యూజర్ మెషీన్‌లో పవర్‌షెల్ 7 ఇన్‌స్టాల్ అయి ఉండాల్సిన పని కూడా లేదు. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నా ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు.

విడి ప్రాసెస్‌తో ఇబ్బందేంటి అంటారా? చాలామంది అక్కడే మొదలుపెడతారు, నేనూ అంతే. స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్ రెండూ రీడైరెక్ట్ చేసి, ముందు వెయిట్ ఫర్ ఎగ్జిట్ పిలిచి, అవుట్‌పుట్ తర్వాత తీరిగ్గా చదువుదాం అనుకుంటే, స్క్రిప్ట్ కాస్త ఎక్కువ వాగిన రోజున పైప్ బఫర్ నిండిపోతుంది. ఇక అది మీరు చదవాలని, మీరు అది ముగియాలని, ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చుంటారు. రెండు స్ట్రీమ్‌లనీ అసింక్‌గా చదివితే ఆ గండం గట్టెక్కుతుంది గానీ, చేతికొచ్చేది టెక్స్ట్ మాత్రమే. అది కూడా మనిషి చూడ్డానికి అచ్చేసిన టెక్స్ట్. కాలమ్ వెడల్పు చాలకపోతే పొడుగు పేర్లని కత్తిరించి చివర చుక్కలు పెట్టేస్తుంది, తేదీలు మెషీన్ సెట్టింగ్‌ని బట్టి ఒక్కోచోట ఒక్కోలా వస్తాయి, రెండు వైపులా ఎన్‌కోడింగ్ కలవకపోతే తెలుగు పేరున్న ఫోల్డర్ వరసగా ప్రశ్నార్థకాలుగా దిగుతుంది. వీటన్నిటికీ మందులున్నాయి, కాదనను, కానీ ఒక్కో మందూ ఒక్కో పేజీ కోడ్.

యాప్ లోపలే నడిపిస్తే ఈ టెక్స్ట్ గొడవ ఉండదు. ఈ ప్యాకేజీకి నేను వేసే మార్కుల్లో సగం దీనికే. ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పే గెట్ చైల్డ్ ఐటమ్ కమాండ్ నడిపిస్తే ఫైళ్ల పేర్లు అచ్చేసిన కాగితం లాంటిది కాదు, అసలు ఫైల్ ఇన్ఫో ఆబ్జెక్టులే చేతికొస్తాయి. సైజు అంకెగా వస్తుంది, తేదీ తేదీగానే వస్తుంది. నేరుగా గ్రిడ్‌కి కట్టేసి కాలమ్ మీద క్లిక్ చేస్తే సరిగ్గా సార్ట్ అవుతుంది, పార్సింగ్ అనే మాటే లేదు. పవర్‌షెల్ మొదటి వెర్షన్ 2006లో వచ్చినప్పటి నుంచీ పైప్‌లో టెక్స్ట్ బదులు ఆబ్జెక్టులు పారడమే దాని గొప్ప, ఆ గొప్ప పూర్తిగా అనుభవంలోకి వచ్చేది కన్సోల్‌లో కంటే ఇలా కోడ్‌లోంచి పిలిచినప్పుడే అని నా అభిప్రాయం.

అయితే ఆ ఆబ్జెక్టులన్నీ పీఎస్‌ఆబ్జెక్ట్ అనే కవర్‌లో చుట్టి వస్తాయి. డాట్‌నెట్ క్లాస్ అయితే బేస్ ఆబ్జెక్ట్ తీసుకుంటే సరి. స్క్రిప్ట్ రాసినవాళ్లు పీఎస్‌కస్టమ్‌ఆబ్జెక్ట్ (స్క్రిప్ట్‌లోనే అప్పటికప్పుడు తయారుచేసుకున్న ఆబ్జెక్ట్) పంపితే మాత్రం ప్రాపర్టీని పేరు పెట్టి పిలవాలి, ఆ పేరు లేకపోతే నల్ వస్తుంది, దాన్ని చెక్ చేయకుండా వాల్యూ అడిగితే యాప్ క్రాష్. అంకెల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. స్క్రిప్ట్ ఒకసారి ఇంట్ ఇస్తుంది, ఇంకోసారి అదే జాగాలో లాంగ్ ఇస్తుంది, ఫైల్ సైజులైతే ఎప్పుడూ లాంగే. మీరు ఇంట్ అని నేరుగా క్యాస్ట్ చేస్తే ఇన్‌వ్యాలిడ్ క్యాస్ట్ అని మొహం మీద కొడుతుంది. లాంగ్వేజ్ ప్రిమిటివ్స్ క్లాస్‌లో కన్వర్ట్ టూ అనే మెథడ్ ఉంది, పవర్‌షెల్ తనలో తాను టైపులు మార్చుకునే పద్ధతే అది కూడా పాటిస్తుంది కాబట్టి దాన్ని అలవాటు చేసుకోండి.

ఇంకో చిత్రమైన సంగతి. పవర్‌షెల్‌లో ఎవరూ పట్టుకోని ప్రతి విలువా అవుట్‌పుట్ కిందే లెక్క. స్క్రిప్ట్‌లో ఒక అర్రేలిస్ట్ పెట్టి లూప్‌లో యాడ్ అంటూ పోతే, ఆ యాడ్ మెథడ్ ప్రతిసారీ ఇండెక్స్ నంబర్ తిరిగి ఇస్తుంది, అవన్నీ మీ ఫలితాల్లోకి చేరతాయి. సర్వర్ల జాబితా అడిగితే ముందు 0, 1, 2, 3 అని అంకెలు, వాటి వెనక అసలు జాబితా. కన్సోల్‌లో అయితే కంటికి కనబడుతుంది, దాటేసి చూస్తాం. కోడ్‌లో అయితే మొదటి రిజల్ట్ తీసుకుని అది సర్వర్ అనుకుని ముందుకెళ్లిపోతాం. స్క్రిప్టులు రాసేది వేరేవాళ్లయితే ఈ ఒక్క ముక్క వాళ్లకి ముందే చెప్పి పెట్టండి: అక్కర్లేని ప్రతి విలువనీ అవుట్ నల్‌కి పంపాలి లేదా వాయిడ్ చేయాలి.

ఇప్పుడు అసలు విషయం, ఎర్రర్లు. మొదటిసారి వాడేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. స్క్రిప్ట్‌ని నడిపించే ఇన్వోక్ మెథడ్ పిలుస్తారు, ఎక్సెప్షన్ ఏదీ రాదు, అంటే అంతా సవ్యంగా జరిగినట్టే అనుకుని "విజయవంతం" అని ఆకుపచ్చ మెసేజ్ చూపిస్తారు. అక్కడేమో స్క్రిప్ట్ అడిగిన ఫైల్ దొరకలేదు, ఇంకో ఫోల్డర్‌కి పర్మిషన్ లేదు, ఒక్కటీ కాపీ అవ్వలేదు. ఎందుకంటే పవర్‌షెల్‌లో ఎర్రర్లు రెండు రకాలు. త్రో చేసినవీ, స్క్రిప్ట్‌ని పూర్తిగా ఆపేసేవీ సీ షార్ప్ వైపు ఎక్సెప్షన్‌గా వస్తాయి. మిగతావి, అంటే మామూలుగా కన్సోల్‌లో ఎర్రగా కనబడి కింది లైన్‌కి వెళ్లిపోయేవి, చప్పుడు చేయకుండా స్ట్రీమ్స్ కింద ఎర్రర్ అనే కలెక్షన్‌లో పోగుపడతాయి. అడిగితే చెబుతాయి, అడగకపోతే లేదు. కన్సోల్‌లో ఎరుపు రంగు చేసే పని ఇక్కడ మీరే చేయాలి. ఇన్వోక్ తర్వాత ఆ కలెక్షన్ చూడడం తప్పనిసరి అనుకోండి, లేదా స్క్రిప్ట్ మొదట్లోనే ఎర్రర్ యాక్షన్ ప్రిఫరెన్స్‌ని స్టాప్ అని పెట్టండి. నేను రెండూ పెడతాను.

విడి ప్రాసెస్ దారిలో ఈ బెడద లేదని అనుకోకండి. ఫైల్ స్విచ్‌తో స్క్రిప్ట్ నడిపించి, లోపల ఆగని రకం ఎర్రర్లు ఎన్నొచ్చినా చివరిదాకా వెళ్లిపోతే ఎగ్జిట్ కోడ్ 0 అనే, అంటే అంతా సవ్యం అనే, వస్తుంది. కాబట్టి ఇది ఎస్‌డీకే లోపం కన్నా పవర్‌షెల్ స్వభావం అనాలి. ఎస్‌డీకేలో మేలు ఏంటంటే, అడిగినప్పుడు వచ్చేది ఎరుపు టెక్స్ట్ కాదు, ఎర్రర్ రికార్డ్ అనే పూర్తి ఆబ్జెక్ట్. ఏ లైన్‌లో, ఏ కమాండ్‌లో, ఏ ఫైల్ మీద పనిచేస్తుండగా, అసలు కారణమైన ఎక్సెప్షన్ ఏంటి, అన్నీ విడివిడిగా ఉంటాయి. యూజర్‌కి ఒక మాట చూపించి, లాగ్‌లో మొత్తం రాసుకోవచ్చు. సపోర్ట్ చేసేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ఒకే పవర్‌షెల్ ఆబ్జెక్ట్‌ని మళ్లీ మళ్లీ వాడేవాళ్లు మాత్రం ప్రతిసారీ కమాండ్స్ క్లియర్ చేయండి, స్ట్రీములూ క్లియర్ చేయండి, లేకపోతే నిన్నటి ఎర్రర్ ఇవాళ్టి పరుగుకి అంటుకుంటుంది.

యూఐ థ్రెడ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఇన్వోక్‌ని బటన్ క్లిక్‌లో నేరుగా పిలిస్తే స్క్రిప్ట్ ముగిసేదాకా విండో ఫ్రీజ్. పవర్‌షెల్ 7 నుంచి ఇన్వోక్ అసింక్ ఉంది, అవెయిట్ పెట్టి వదిలేయొచ్చు. ఫలితాలు వస్తుండగానే చూపించాలంటే అవుట్‌పుట్ కలెక్షన్‌కి డేటా యాడెడ్ ఈవెంట్ ఉంది, చాలా బాగుంటుంది, కాకపోతే ఆ ఈవెంట్ వచ్చేది స్క్రిప్ట్ నడిచే థ్రెడ్ మీద, అక్కడి నుంచి టెక్స్ట్ బాక్స్‌ని ముట్టుకుంటే ఒప్పుకోదు, పనిని యూఐ థ్రెడ్‌కి అప్పగించే డిస్పాచర్ ద్వారానే వెళ్లాలి. ప్రోగ్రెస్ స్ట్రీమ్ కూడా ఇలాగే అందుతుంది. స్క్రిప్ట్‌లో రైట్ ప్రోగ్రెస్ అంటే మీ యాప్‌లో ప్రోగ్రెస్ బార్ కదులుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: స్క్రిప్ట్ రాసినవాళ్లు శాతం ఇవ్వకపోతే ఆ రికార్డులో పర్సెంట్ కంప్లీట్ -1 అని వస్తుంది. దాన్ని అలాగే తీసుకెళ్లి విన్‌ఫార్మ్స్ ప్రోగ్రెస్ బార్ వాల్యూలో పెడితే కనిష్ఠం 0 కాబట్టి అది ఎక్సెప్షన్ విసురుతుంది. -1 వస్తే బార్‌ని అటూ ఇటూ తిరిగే మార్క్యూ స్టైల్‌లో పెట్టేయండి, యూజర్‌కి కూడా అదే నిజం.

ఆపడం మీద నాకు పూర్తి తృప్తి లేదు. స్టాప్ అనే మెథడ్ ఉంది, చాలావరకు పనిచేస్తుంది. స్టార్ట్ స్లీప్‌లో ఉన్న స్క్రిప్ట్ వెంటనే లేచి ఆగిపోతుంది. అదే స్క్రిప్ట్ లోపల డాట్‌నెట్ మెథడ్‌ని నేరుగా పిలిచి అది ఇరుక్కుపోతే, ఆ మెథడ్ తిరిగొచ్చేదాకా స్టాప్ ఏమీ చేయలేదు. పైగా స్టాప్ కూడా అది ఆగేదాకా అక్కడే నిలబడుతుంది, అంటే ఆపు బటన్ నొక్కినందుకు విండో ఫ్రీజ్ అవుతుంది, ఇంతకంటే వెటకారం ఏముంటుంది! బిగిన్ స్టాప్ వాడితే విండో మటుకు బతుకుతుంది. ఇన్వోక్ అసింక్‌కి క్యాన్సిలేషన్ టోకెన్ ఇచ్చే వీలు లేదు, టోకెన్ రద్దయినప్పుడు స్టాప్ పిలిచేలా మనమే రిజిస్టర్ చేసుకోవాలి. ఎవరో రాసిన నమ్మకం లేని స్క్రిప్ట్‌ని ఏ క్షణంలోనైనా చంపగలగాలి అంటే విడి ప్రాసెసే మేలు, ప్రాసెస్‌ని కిల్ చేస్తే పోతుంది, థ్రెడ్‌ని అలా చంపలేం.

యూజర్ టైప్ చేసిన విలువని స్క్రిప్ట్‌కి ఇచ్చే చోట స్ట్రింగులు కలపడం అసలు వద్దు. పేరు పెట్టెలో ఎవరైనా కోట్ మార్క్, సెమికోలన్ పెట్టి వెనకాల ఓ డిలీట్ కమాండ్ రాస్తే అది కూడా విధేయంగా నడుస్తుంది. యాడ్ కమాండ్, యాడ్ పారామీటర్ వాడితే విలువ విలువగానే వెళ్తుంది, కోడ్‌గా మారదు, స్పేసులు, కోట్ల గోల కూడా తీరిపోతుంది. పాస్‌వర్డులు, క్రెడెన్షియల్స్ కూడా ఆబ్జెక్ట్‌గానే పంపొచ్చు, ప్రాసెస్ కమాండ్ లైన్‌లో అందరికీ కనబడే బాధ ఉండదు. ఒకటి గుర్తుంచుకోండి, యాడ్ కమాండ్ వెంట ఇంకో యాడ్ కమాండ్ పెడితే అవి రెండు వేరే పనులు కావు, మొదటిదాని అవుట్‌పుట్ రెండోదానికి పైప్ అవుతుంది. విడివిడిగా నడవాలంటే మధ్యలో యాడ్ స్టేట్‌మెంట్ ఉండాలి.

దీనికంటే నాకు నచ్చిన సదుపాయం ఇంకోటుంది. సెషన్ స్టేట్ ప్రాక్సీతో యాప్‌లో బతికున్న ఆబ్జెక్ట్‌నే వేరియబుల్‌గా స్క్రిప్ట్‌కి ఇవ్వొచ్చు. అంటే మీ డాక్యుమెంట్ క్లాస్‌ని డాలర్ డాక్ అనే పేరుతో ఇస్తే, స్క్రిప్ట్ దానిలోని పేజీలు తిరగేసి, పేర్లు మార్చి, సేవ్ మెథడ్ పిలిచి వచ్చేస్తుంది. కాపీ కాదు, అసలు ఆబ్జెక్టే. మీ యాప్‌కి మ్యాక్రోలు కావాలని యూజర్లు అడుగుతుంటే ఇంతకంటే తక్కువ శ్రమలో అవ్వదు. కాకపోతే అంత చనువు ఇచ్చేముందు వాళ్లు ఏమేం ముట్టుకోవచ్చో ఆలోచించుకోండి. ఇనిషియల్ సెషన్ స్టేట్‌లో కమాండ్లు తగ్గించవచ్చు, స్క్రిప్ట్‌లో భాషని ఎంతవరకు వాడనివ్వాలో చెప్పే లాంగ్వేజ్ మోడ్‌ని కన్‌స్ట్రెయిన్డ్ అనో, ఇంకా కట్టుదిట్టంగా నో లాంగ్వేజ్ అనో పెట్టొచ్చు.

స్క్రిప్ట్ మధ్యలో ప్రశ్న అడిగితే? రీడ్ హోస్ట్ ఉన్న పాత స్క్రిప్ట్ తెచ్చి ఇక్కడ పెడితే, ఈ హోస్ట్‌లో (అంటే స్క్రిప్ట్‌ని నడిపే మీ యాప్‌లో) యూజర్‌తో మాట్లాడే ఏర్పాటు లేదని ఎర్రర్ ఇస్తుంది. రీడ్ హోస్ట్ లేకపోయినా తప్పించుకోలేం: రికర్స్ స్విచ్ లేకుండా, లోపల ఫైళ్లున్న ఫోల్డర్ మీద రిమూవ్ ఐటమ్ అంటే అది "నిజంగానా?" అని అడగబోతుంది, అడగడానికి మనిషి లేక ఫెయిల్ అవుతుంది. పీఎస్‌హోస్ట్ క్లాస్‌ని వారసత్వంగా తీసుకుని మన సొంత డైలాగ్ చూపించవచ్చు గానీ, అందులో నింపాల్సిన మెథడ్లు చాలా ఉన్నాయి, చిన్న యాప్‌కి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. స్క్రిప్ట్‌నే అడగకుండా నడిచేలా రాయించుకోవడం సులువు. తెర మీద రాసే రైట్ హోస్ట్ మాత్రం ఇబ్బంది పెట్టదు, పవర్‌షెల్ 5.0 నుంచి అది ఇన్ఫర్మేషన్ స్ట్రీమ్‌లోకి కూడా వస్తుంది, అక్కడి నుంచి తీసుకుని లాగ్ విండోలో చూపించుకోవచ్చు.

ఎగ్జిక్యూషన్ పాలసీ (ఏ స్క్రిప్టులు నడవొచ్చో చెప్పే సెట్టింగ్) దగ్గర కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. స్క్రిప్ట్ టెక్స్ట్‌ని యాడ్ స్క్రిప్ట్‌కి ఇస్తే పాలసీ దాన్ని పట్టించుకోదు, పీఎస్1 (పవర్‌షెల్ స్క్రిప్ట్) ఫైల్‌ని పేరుతో పిలిచినా, మాడ్యూల్ ఫైల్ ఇంపోర్ట్ చేసినా మాత్రం చెక్ చేస్తుంది. విండోస్ క్లయింట్ మెషీన్‌లో డిఫాల్ట్ రెస్ట్రిక్టెడ్, అంటే స్క్రిప్ట్ ఫైళ్లు నడవనివ్వదు, కాబట్టి మీ దగ్గర నడిచింది కస్టమర్ దగ్గర నడవదు. సెషన్ స్టేట్‌లోనే పాలసీ పెట్టుకోవచ్చు, కంపెనీ అడ్మిన్లు పెట్టే గ్రూప్ పాలసీ ఉంటే దానిదే పైచేయి. అలాగని ఫైల్ చదివి టెక్స్ట్‌గా ఇచ్చేస్తే సరిపోతుంది కదా అంటే, అప్పుడు స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే పీఎస్ స్క్రిప్ట్ రూట్ ఖాళీగా ఉంటుంది, పక్క ఫోల్డర్‌లోంచి ఇంకో ఫైల్ తెచ్చుకునే స్క్రిప్టులన్నీ దారి తప్పుతాయి. స్క్రిప్ట్‌లో సెట్ లొకేషన్ అన్నా యాప్ ప్రాసెస్ కరెంట్ డైరెక్టరీ మారదు, ఇది కూడా చాలామందిని చుట్టూ తిప్పుతుంది. పూర్తి పాత్‌లు ఇవ్వండి, గొడవ వదిలిపోతుంది.

ఇక బరువు. మార్కులు తగ్గించేది ఇక్కడే. ఈ ప్యాకేజీ యాడ్ చేసి పబ్లిష్ కొడితే ఫోల్డర్ నిండా డీఎల్ఎల్‌లు దిగుతాయి. యాడ్ టైప్ కమాండ్ కోసం సీ షార్ప్ కంపైలర్ రోస్లిన్ కూడా వెంట వస్తుంది, మీరు ఆ కమాండ్ జన్మలో వాడకపోయినా సరే. ఒకే ఎగ్జిక్యూటబుల్‌గా సింగిల్ ఫైల్ పబ్లిష్ చేయాలనే ఆశ ఉంటే వదులుకోండి, ఇంజిన్ తన మాడ్యూళ్లని డీఎల్ఎల్ ఎక్కడుందో చూసి వెతుక్కుంటుంది, సింగిల్ ఫైల్‌లో ఆ లొకేషన్ ఖాళీగా వస్తుంది. వాడని కోడ్‌ని కోసేసే ట్రిమ్మింగ్ సంగతి సరేసరి. రన్‌టైమ్స్ అనే ఫోల్డర్‌ని ఇన్‌స్టాలర్‌లో పెట్టడం మర్చిపోతే మామూలు కమాండ్లు కూడా దొరకవు. మొదటి పిలుపు నెమ్మదిగా ఉంటుంది, యాప్ తెరుచుకున్నాక వెనకాల ఒక ఖాళీ స్క్రిప్ట్ నడిపించి ఇంజిన్‌ని వేడెక్కించి పెట్టుకుంటే యూజర్‌కి తెలియదు. క్రియేట్ డిఫాల్ట్ 2తో సెషన్ తెరిస్తే ముందు కోర్ ఒక్కటే లోడ్ చేసి మిగతావి అవసరం పడ్డప్పుడు తెస్తుంది, అది కొంత నయం. ఒకే ప్రాసెస్‌లో ఉండడం వల్ల మీ యాప్ వాడే లైబ్రరీ ఒక వెర్షన్, స్క్రిప్ట్ తెచ్చుకునే మాడ్యూల్ ఇంకో వెర్షన్ అడిగే తగాదా కూడా వస్తుంది, న్యూటన్‌సాఫ్ట్ జేసన్ లాంటివాటితో మరీను.

మిగతా దారులు కూడా చూశాను. పైథాన్‌డాట్‌నెట్ మంచిదే, డేటా పనులకి బాగుంటుంది, కానీ గిల్ లాక్ (పైథాన్ కోడ్‌ని ఒకసారికి ఒకే థ్రెడ్‌లో నడవనిచ్చే తాళం) తీసుకోవడం వదలడం మన నెత్తిన ఉంటుంది, మెషీన్‌లో పైథాన్ కూడా ఉండాలి. యాప్‌కి చిన్న మ్యాక్రో భాష మాత్రమే కావాలంటే మూన్‌షార్ప్‌తో లువా పెట్టుకోవడం తేలిక. ఫైళ్లు, సర్వీసులు, రిజిస్ట్రీ, యూజర్ అకౌంట్లు లాంటి సిస్టమ్ పనులైతే పవర్‌షెల్‌కి పోటీ లేదు, అడ్మిన్లు రాసిపెట్టుకున్న స్క్రిప్టులు ఎలాగూ అందులోనే ఉంటాయి.

యాంటీవైరస్ విషయం కూడా ముందే తెలిసుండాలి. లోపల నడిచే స్క్రిప్ట్ టెక్స్ట్ కూడా విండోస్‌లో ఆమ్సీ (స్క్రిప్టుల్ని యాంటీవైరస్‌కి చూపించే సదుపాయం) ద్వారా స్కానింగ్‌కి వెళ్తుంది, అది మంచిదే. కానీ పేరు తెలియని ఎగ్జిక్యూటబుల్ పవర్‌షెల్ ఇంజిన్ డీఎల్ఎల్‌ని లోడ్ చేసుకోవడం దాడులు చేసేవాళ్ల అలవాటు కూడా కాబట్టి, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అనుమానంగా చూడొచ్చు. యాప్‌ని కోడ్ సైనింగ్ చేసి ఇవ్వండి, కస్టమర్ ఐటీ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి.

వెర్షన్ ఎంచుకోవడం సులువే, పవర్‌షెల్ వెర్షన్ డాట్‌నెట్ వెర్షన్‌తో ముడిపడి ఉంటుంది: 7.0 డాట్‌నెట్ కోర్ 3.1 మీద, 7.2 డాట్‌నెట్ 6 మీద, 7.4 డాట్‌నెట్ 8 మీద. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ యాప్ అయితే ఈ ప్యాకేజీ ఎక్కదు, 5.1 రిఫరెన్స్ అసెంబ్లీలు పెట్టుకుని విండోస్‌లో ఉన్న పవర్‌షెల్‌నే వాడాలి. అక్కడ ఇన్వోక్ అసింక్ లేదు, బిగిన్ ఇన్వోక్, ఎండ్ ఇన్వోక్ జంటతో సరిపెట్టుకోవాలి, యాప్ 32 బిట్ అయితే నడిచేది 32 బిట్ ఇంజిన్, రిజిస్ట్రీ కూడా ఆ వైపుదే కనబడుతుంది. డాట్‌నెట్ 8 మీద ఉన్నవాళ్లు 7.4 తీసుకోండి. అది 2026 నవంబర్‌లో డాట్‌నెట్ 8తో పాటే సపోర్ట్ ముగించుకుంటుంది, కాబట్టి టార్గెట్ ఫ్రేమ్‌వర్క్, ప్యాకేజీ వెర్షన్ రెండూ ఒకేసారి మార్చే పనికి ఆలోపే టైమ్ కేటాయించి పెట్టుకోండి.